మళ్లీ వేసిన మ్యాచ్

"ఆటో అచ్చింది. టీవీ బందు చెయ్యి," అన్నాడు జలపతి గడపలో నిలబడి.

స్వరూప చేతిలోని రిమోట్ వదల్లేదు. "నిన్నటి మ్యాచ్ మళ్ల ఏస్తుండ్రు బావా. ఇది అయిపోయినంక మీరేం చెయ్యమంటే గది చేస్త."

ఇంకో రోజైతే జలపతి నవ్వేవాడే. కోరుట్ల చుట్టుపక్కల పొద్దున్నే ఆడవాళ్ల ఫుట్‌బాల్ పెట్టుకుని కూర్చునే ఇల్లు ఇంకోటి ఉండదు. కానీ ఇవాళ నవ్వే రోజు కాదు. గల్ఫ్ పోయిన అతని తమ్ముడు రంజిత్ జాడ తెలియక మూడేళ్లు దాటింది. ధర్మపురిలో గోదావరి ఒడ్డున దర్భలతో మనిషి బొమ్మ చేసి, దాన్నే రంజిత్ అనుకుని కాల్చి, కర్మ చేయాలని పెద్దలు తేల్చారు. అది అయ్యాక స్వరూప మెడలో పుస్తె ఉండదు, కాళ్లకు మెట్టెలు ఉండవు.

"నా కండ్లతోటి చూసిన," అంది స్వరూప. "ఆయన పోయిన దేశంలనే ఆడుతుండ్రు గీ ఆట. జనంల కూసున్నడు మీ తమ్ముడు."

"ఎంతసేపు చూసినవ్?"

దానికి జవాబు చెప్పడం కష్టమే. స్వరూపలా బీడీలు చుట్టేవాళ్లకు టీవీ వినేదే గానీ చూసేది కాదు. కళ్లు ఒళ్లోని చాట మీదే ఉండాలి. బడి టీములో ఆడే బిడ్డ రచన నిన్న గోల్ అని గంతులేస్తే, స్వరూప తలెత్తింది. గ్యాలరీలో ఒక ముఖం కనబడింది. అంతలోనే కరెంటు పోయింది.

"రెప్ప కొట్టేటంత," అంది చివరికి.

"మూడేండ్ల సంది ఫోన్ లేదు. కంపెనీకి ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు. నువ్వు రెప్ప కొట్టంగనే మనిషి బతికొస్తడా?" అన్నాడు జలపతి. తోడబుట్టినవాడికి కర్మ చేయడం అతనికి మాత్రం సరదానా?

గోడకు ఆనుకుని కూర్చున్న అత్త గంగవ్వ అప్పుడు నోరు విప్పింది. "ఉండనియ్‌రా కొడుకా. గీ పిల్ల ఆశ తీరనియ్. బొమ్మనే గదా కాలవెట్టేది, గంట ఆగితే ఏమైతది."

ఆటో అతన్ని ఆగమని చెప్పి, నలుగురూ టీవీ ముందు చేరారు. నిక్కర్ల అమ్మాయిలు చెమటలు కక్కుతూ ఉరుకుతున్నారు. బంతి ఎటు పోతోందో చూసింది రచన ఒక్కతే. కెమెరా జనం వైపు తిరిగిన ప్రతిసారీ గంగవ్వ జానెడు ముందుకు జరిగింది. స్వరూప పుస్తెను పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. సగం ఆట అయిపోయింది. ఎర్రవాళ్లు, నల్లవాళ్లు, ముసుగులవాళ్లు అందరూ కనబడ్డారు, రంజిత్ తప్ప.

"గిప్పుడే గోల్," అంది రచన.

గోల్ పడింది. జనం లేచి నిలబడ్డారు. కెమెరా వాళ్ల మీదుగా మెల్లగా పాకి, ఒకచోట ఆగింది. తెల్ల చొక్కా. ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పటి గాటు.

"నా కొడుకే," అంటూ గంగవ్వ పోయి రెండు చేతులతో టీవీ అద్దాన్ని ముట్టుకుంది. జలపతి మోకాళ్లలో ముఖం పెట్టుకుని ఏడ్చేశాడు. "బతికే ఉన్నడే అవ్వా, వాడు బతికే ఉన్నడు." స్వరూపకు ఒళ్లంతా తేలికైపోయింది. ఊరంతా ఒప్పుకున్న చావును తానొక్కతే ఒప్పుకోలేదు. మూడేళ్లలో మొదటిసారి ఆమెకు సంతోషమంటే ఏమిటో గుర్తొచ్చింది.

కెమెరా అక్కడే ఉంది. నిన్న కరెంటు చూడనివ్వనిది ఇప్పుడు కనబడుతోంది. రంజిత్ భుజాల మీద ఏడాదిన్నర పాప, బుగ్గలకు రంగులు పూసుకుని చేతులు ఊపుతోంది. పక్కనున్న ఆడమనిషి ఆ పాప టోపీ సర్ది, అతని భుజం మీద తల వాల్చింది. అతను ముగ్గురూ పడేలా ఫోన్ ఎత్తి ఫొటో తీసుకుంటున్నాడు.

"అమ్మా," అంది రచన, "బాపు ఎత్తుకున్న గా పాప ఎవలు?"

గంగవ్వ చేతులు అద్దం మీద నుంచి జారాయి. స్వరూప లేచి టీవీ ఆపేసింది. ఆమె కళ్లలో తడి లేదు.

"మీ తమ్ముడు సచ్చిపోయిండు బావా. ఆటో ఎక్కుండ్రి."