ఏడాది దొంగ

“రైల్ల వచ్చిండ్రా?” తలుపు తీసిన యోబు ఆమె చేతిలో టిక్కెట్టు చూసి తెల్లబోయాడు. “రైలంటే భయం, తాండూరు దాటి పోనని ఏడాది పొడుగునా రాసిండ్రు గద, చెల్లె!”

“అవసరం పడ్డంక భయం ఎక్కడిదన్నా,” అంటూ ఇరమ్ చెప్పులు గడప బయట విడిచింది.

ఇద్దరూ ముఖాముఖి కలవడం అదే మొదలు. అపరాధ పరిశోధన నవలల అభిమానుల కోసం పరిగి ముక్తార్ ఫేస్‌బుక్‌లో నడుపుతున్న ‘ఆఖరి పేజీ’ బృందంలో మాత్రం ఏళ్లనాటి పరిచయం. ఆ బృందానికి ఒక ఆచారం ఉంది. ప్రతి జనవరిలో ముక్తార్ ఎవరో ఒక సభ్యుడికి రహస్యంగా ‘ఈ ఏటి దొంగ మీరే’ అని సందేశం పంపుతాడు. ఆ దొంగ తన గురించి ఏదైనా ఒక అబద్ధాన్ని డిసెంబరు ఆఖరు వరకు బృందంలో నిలబెట్టుకోవాలి. దొరకకపోతే సభ్యులందరూ తలా ఒక పాత నవల అతనికి పంపాలి. దొరికితే ఆ నవలలన్నీ పట్టుకున్నవారివి. దొంగ ఎవరో తేలిన క్షణాన ఆట ముగిసినట్టే. ఆపైన ఎవరూ ఎవరినీ ఆరా తీయరు.

కొన్నేళ్లుగా ఆ నవలలు ఇరమ్ ఇంటికే చేరుతున్నాయి.

డిసెంబరు చివరి వారం. వికారాబాద్‌లోని ఆ వీధిలో చాలా ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు వేలాడుతున్నాయి. యోబు ఇంటి మీద లేదు.

“వదిన లేదా ఇంట్ల?”

“రాహేలా? ప్రార్థన కూటానికి పోయింది. జర లేటయితది.” యోబు తానే వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చాడు. “చక్కెర ఎక్కువైందేమో. నాకు అందాజ రాదు.”

“మంచిగనే ఉన్నదన్నా. ఈ బండలు మా ఊరివేనా?”

“మీ తాండూరువే. ఎండకాలం సల్లగుంటయని రాహేలే ఏరి ఏయించింది.”

ఇరమ్ లేచి పుస్తకాల బీరువా దగ్గరికి నడిచింది. అట్టలు వెలిసిన నవల ఒకటి తీసి, పేజీలు నెమ్మదిగా తిప్పింది. ఒకచోట వంటమనిషి పేరు కింద పెన్సిలు గీత ఉంది.

“ఇదే గదన్నా, వేసవిల మీరు రాసింది? ‘మా రాహేలు పోలీసుల కంటే ముందే వంటమనిషిని పట్టేసింది’ అని?”

“అదే.” యోబు ముఖం వెలిగింది. “దొంగ దొరికిన కాడ గీత గీసుడు ఆమె అలవాటు. గీత గీసినంక నాకు పుస్తకం ఇయ్యకపోయేది. చూస్తనని.”

“కొత్త నవలలు ఆమెకు నచ్చవా?”

“ఎందుకు?”

“ఏడాది మొత్తం వదిన పట్టిన దొంగలందరు పాత పుస్తకాలల్లనే ఉన్నరు. మేం కొత్తవి చదివి కొట్లాడుకున్నప్పుడు మీరొక్కరే రాసిండ్రు. వదిన ఒక్క మాట అనలేదు.”

యోబు చేతిలో కప్పు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

“ఎప్పుడు పోయిందన్నా?” ఇరమ్ గొంతు తగ్గించి అడిగింది.

అతడు కప్పు కింద పెట్టి, నేల మీది బండల వంక చూశాడు.

“పోయిన క్రిస్మస్ ముంగట. మీకందరికి చెప్దామనే ఫోను తీసిన. గంతల ఒక పుస్తకంల ఆమె గీత కనబడ్డది. ఆమె పట్టుకున్నదని రాసిన. అందరు నవ్విండ్రు, ‘వదిన మస్తు హుషారు, ఇంకో నవల ఇయ్యుండ్రి’ అన్నరు. ఇంగ ఆపబుద్ధి కాలే. గీత లేని కాడ ఆమె పేరు మీద ఒక్క ముక్క రాయలే, చెల్లె.”

“వదిన ఫోటో ఒక్కటి గూడ పెట్టలేదని అందరి కన్ను మీ మీదనే ఉన్నది. నవాబుపేట నిరోషా పొద్దున ఏం రాసిందో చూసిండ్రా?”

“లేదు.”

“‘యోబన్న భార్యే అబద్ధం. ఆదివారం ఇంటికే పోయి పట్టుకుంట’ అన్నది. అందరు చప్పట్లు కొడుతున్నరు.”

ఇరమ్ సంచిలోంచి ఫోను తీసింది. యోబు కంగారుగా లేచాడు.

“మీరు ముందుగాల రాస్తరా?”

“రాయాలన్నా. నిరోషా రాకముందే.”

“వద్దు చెల్లె. నవలలే గద కావాలె? గీ బీరువ మొత్తం తీస్కపోండ్రి. ఆమె సావు ఆటల తేలొద్దు. శభాష్, దొరికిండని మీరంత చప్పట్లు కొడితె నేను సైసలేను.” అతడు బీరువా వైపు చెయ్యి చూపాడు. “ముక్తార్ నాకు గా సందేశం పంపలే. ఒట్టు. నేను దొంగను కాదు.”

“తెలుసన్నా.”

“ఎట్ల తెలుసు?”

ఇరమ్ మళ్లీ కూర్చుంది. ఒడిలో ఏదో పెట్టి ఫోటో తీసింది, నాలుగు ముక్కలు టైపు చేసింది, ఫోను సంచిలో వేసుకుంది.

“వదిన సంగతి మీకు చెప్పాలనిపించిన నాడు మీరే చెప్పుండ్రి. గీతలున్న పుస్తకాలు ఇంకేమన్న మిగిలినయా?”

“ఒక్కటుంది. తెరువ బుద్ధయితలేదు.”

“నిదానంగ తెరువుండ్రి. తొందరేమున్నది.” ఆమె చెప్పులు తొడుక్కుంది. “బండి టైమయింది. పోయొస్త.”

గేటు చప్పుడైంది. అంతలో బల్ల మీద యోబు ఫోను మోగింది. అతడు కళ్లజోడు వెతికి పెట్టుకుని, భయం భయంగా బృందం తెరిచాడు. ఇరమ్ పేరు కింద, ఆనాటి తాండూరు–వికారాబాద్ రైలు టిక్కెట్టు ఫోటో. దాని కింద ఒకే ఒక్క వాక్యం.

‘ఈ ఏటి దొంగను నేనే.’