అయ్యగారి నిద్ర

“హాలు బాగుందమ్మా. కానీ మా అయ్యగారు ఇందులో పడుకున్న పది నిమిషాల్లో నిద్రలోకి జారుకోవాలి. అప్పుడే మిగతా మూడు కుటీరాలూ నీ చేత కట్టిస్తాను” అంది యోగా టీచరు.

డిజైనరు తను కట్టిన హాలుని మళ్ళీ ఒకసారి పైనుంచి కింది దాకా చూసుకుంది.

ఆరేళ్ళపాటు బాబాయి ఆఫీసులో జనాల బాత్రూములు గీసి గీసి విసిగిపోయి, నా పని నేనే చేసుకుంటానని ధీమాగా బయటికొచ్చిన పిల్ల. అలా వచ్చాక దొరికిన మొదటి పని, అడవిలో ఈ చిన్న యోగా విడిది. ఒక్క చెట్టు కూడా కొట్టకుండా, వాటి సందులోనే హాలు లేపింది. ఇది కాస్తా చెడిందంటే సోమవారం మళ్ళీ బాబాయి ముందు నిలబడాలి. ఆయన ఒక్క మాట అనడు. ముసిముసిగా నవ్వుతాడంతే. ఆ నవ్వు తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

“వచ్చినవాళ్ళందరికీ విశ్రాంతి ఇస్తామని బోర్డు పెట్టుకుని, మా ఇంట్లో మనిషినే నిద్రపుచ్చలేకపోతే ఎలాగమ్మా? ఆయన నిద్రపోయిన చోట ఇంకెవరైనా నిద్రపోతారు.”

కాదనడానికేముంది. డిజైనరు నోట్‌బుక్ తీసింది.

“అయ్యగారి అలవాట్లు కాస్త చెప్పండి.”

“వెలుగు కళ్ళలో పడితే పడదు. చీకటైతే అసలే పడదు. చిటుక్కుమంటే చాలు, లేచి ఇల్లు పీకి పందిరేస్తారు. రాత్రికి నాలుగుసార్లు లేస్తారు. ఆయన లేస్తే నేనూ, మా అమ్మాయీ, అల్లుడూ అందరం లేవాల్సిందే.”

“భోజనం?”

“పాలమీదే ఉంటారు.”

“యోగా చేస్తారా?”

టీచరు మొహం చాటంతయింది. “ఒకరు నేర్పలేదు, పెట్టలేదు. వెల్లకిలా పడుకుని రెండు పాదాలూ మొహం దాకా తెచ్చేసుకుంటారు. పాతికేళ్ళుగా జనానికి నేర్పుతున్నాను, ఇప్పటికీ నాకే అంత బాగా రాదు.”

డిజైనరుకి మనిషి కళ్ళకు కట్టాడు. పాలు తాగి, కాళ్ళు మెలిపెట్టి, ఇంటిల్లిపాదినీ ఒంటికాలిమీద నిలబెట్టే ముక్కోపి. మర్నాడు నేల కొలవడానికి సాయం వచ్చిన టీచరు కూతురిని చూస్తే కడుపు తరుక్కుపోయింది. కళ్ళకింద నల్లటి చారలు. టేపు పట్టుకుని నిలబడే కునుకు తీస్తోంది పాపం. ఏం మనిషి, వీళ్ళందరినీ ఇలా కాల్చుకు తింటున్నాడు అని డిజైనరు పళ్ళు నూరుకుంది.

పళ్ళు నూరుకుంటూనే పని చేసింది. తలుపు బందులకి నూనె పట్టించింది. ఎండ సూటిగా పడకుండా కిటికీలకి పల్చటి గుడ్డ కట్టించింది. నేలమీద మందపాటి చాప పరిపించి, తానే నాలుగుసార్లు పడుకుని చూసింది. పక్క చెట్టుమీద వడ్రంగిపిట్ట ఒకటి పొద్దున్నే టకటకలాడిస్తుంటే, దాన్ని అదిలించే పని మేస్త్రికి అప్పగించింది.

“ముప్పై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్నానమ్మాయిగారూ” అన్నాడు మేస్త్రి దిగులుగా. “పిట్టని బతిమాలడం ఇదే మొదలు.”

అయ్యగారొచ్చి పడుకునే రోజు రానే వచ్చింది. కొత్త మొహం కనిపిస్తే అయ్యగారు సహించరట. డిజైనరునీ మేస్త్రినీ యాభై అడుగుల అవతలికి పంపేశారు. కారు హాలు వెనక తలుపు దాకా వెళ్ళి ఆగింది. వీళ్ళకి కనిపించింది గొడుగొక్కటే.

“ఎండ కూడా తగలకూడదు కాబోలు” అని గొణిగాడు మేస్త్రి.

“నెమ్మది.”

“ఒకాయన పడుకుంటే అడివంతా ఊపిరి బిగబట్టాలా?”

“నా బతుకు ఆయన రెప్పలమీద ఉంది. కాసేపు ఆగండి, మీకు దణ్ణం పెడతాను.”

మేస్త్రి ఆగాడు. ఆగాక ఆయనకి తుమ్ము వచ్చింది. ఉన్న తువ్వాలంతా మొహానికి అదుముకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే దాన్ని మింగేశాడు. డిజైనరు గడియారం చూసుకుంది. నాలుగు నిమిషాలు. ఆరు. ఎనిమిది. వడ్రంగిపిట్ట కూడా ఎందుకో కిమ్మనలేదు.

టీచరు మునివేళ్ళమీద నడుచుకుంటూ వచ్చింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

“తొమ్మిది నిమిషాలమ్మా. పడుకున్నారు. ఆయన పక్కనే మా అమ్మాయి కూడా ఒరిగిపోయింది. దాని కళ్ళు మూతపడి ఎన్నాళ్ళయిందో. మూడు కుటీరాలూ నువ్వే కట్టాలి.”

డిజైనరు అక్కడే రాయిమీద కూలబడింది. ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఎంత ముక్కోపి అయితేనేం, తనని నిలబెట్టింది ఆయనే కదా.

“ఒక్కసారి చూడనిస్తారా మేడమ్? దూరం నుంచే దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాను.”

టీచరు పెదవులమీద వేలుంచి, ఆమెని హాలు దాకా తీసుకెళ్ళి, కిటికీ గుడ్డ బెత్తెడు పక్కకి జరిపింది.

చేతులు జోడించి తొంగిచూసిన డిజైనరుకి, వాళ్ళమ్మ చున్నీ గుప్పిట్లో బిగించి, బోర్లాపడి, చొంగ కారుస్తూ ఆదమరిచి నిద్రపోతున్న ఏడు నెలల అయ్యగారు కనిపించారు.