సున్నా గంటలు

"ఏడాది మొత్తానికి సున్నా గంటలు!" అంటూ మేనేజరుగారు శిక్షణ గంటల జాబితాని టేబుల్ మీద కొట్టారు. "కంపెనీ ఇన్ని ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా పెట్టింది. ఒక్కటైనా తెరిచి చూశారా మేడం?"

పదహారేళ్లుగా ఆ టీములో సాఫ్ట్‌వేర్ టెస్టరుగా పనిచేస్తున్న ఆవిడ జాబితాలో తన పేరు పక్కనున్న సున్నాని చూసింది. పక్క కుర్చీలోని హెచ్‌ఆర్ అధికారిణి ఇబ్బందిగా కదిలింది.

మేనేజరుగారి వెనక గోడకి మేకు దిగే చోటు లేదు. అన్నీ ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్లే.

"అవి చూడండి. ఈ ఒక్క ఏడాదిలో పదకొండు కోర్సులు, అన్నింట్లో తొంభై దాటాయి. ఊపిరి సలపని పనిలో నేను నేర్చుకోవట్లా? మీకేం రోగం? ఎన్నేళ్లొచ్చినా గొర్రెతోక బెత్తెడే! మీలాంటివాళ్లు ఈ రంగానికి దండగ."

రాజీనామా కాగితం ఆవిడ ముందుకు తోశారు. ఆవిడ నిదానంగా చదివి, సంతకం పెట్టి, పెన్ను మూత బిగించింది.

"వెళ్లొస్తాను సార్. మీ పాస్‌వర్డు ఎవరికి అప్పజెప్పమంటారు? మీ పన్నెండో కోర్సు పరీక్ష రేపే."