పోలికకు ఒక మనిషి

సిరిసిల్ల దాటకముందే అంబులెన్సు ఆగిపోయింది.

సకల జనుల సమ్మె. రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. నల్లటి పొగలోంచి కొందరు కర్రలతో ఎదురొచ్చారు.

లోపల మొగిలవ్వ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది. కోరుట్ల రాస్తారోకోలో తలకు లాఠీ దెబ్బ తగిలిన నాటి నుంచి ప్రేమ్‌సాగర్ కళ్లు తెరవలేదు.

వెనక బైకు మీద వస్తున్న మనిషొకడు దిగి ముందుకెళ్లాడు.

"మన పోరడే అన్నా. ఉద్యమంల దెబ్బలు తిన్నడు. తొవ్వ ఇయ్యుండ్రి."

దారి ఇచ్చారు.

మొగిలవ్వ అతన్ని గుర్తుపట్టింది. జగిత్యాల దవాఖానలోనూ వార్డు బయట ఇతనే నిలబడేవాడు. పలకరించబోతే మొహం తిప్పుకుని వెళ్లిపోయేవాడు.

"వీడు పోలీసోడే. నా కొడుకు ఎప్పుడు లేస్తడా, ఎప్పుడు పట్టుకపోదునా అని ఎంబడి తిరుగుతుండు," అంది డ్రైవరుతో.

పట్నం పెద్దాసుపత్రిలో డాక్టర్ సుమిత్ర ఆమెను పెద్ద అయస్కాంత యంత్రం గది ముందు కూర్చోబెట్టింది.

"అమ్మా, మెదడులో కొన్ని పదార్థాలుంటాయి. ఈ యంత్రం వాటిని కదిలిస్తే సంకేతం ఇచ్చి, మళ్లీ ఆరిపోతాయి. ఎంతసేపట్లో ఆరుతున్నాయో కొలుస్తాం. దెబ్బ తగలని మెదడుతో పోల్చి చూస్తేనే మీవాడి పరిస్థితి అర్థమయ్యేది. కానీ సమ్మె వల్ల ఇవాళ పోలికకు మనిషి దొరకలేదు."

"నేను పండుకుంట మేడం."

గుమ్మంలో ఆ బైకు మనిషే.

"పేరు?"

"జలపతి."

"తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

కాస్త తడబడ్డాడు. "లేదు."

యంత్రంలోంచి లేచి వచ్చేటప్పుడు గోడ పట్టుకుని నడిచాడు. మొగిలవ్వ ఎదురెళ్లింది.

"సాలదా నువ్ సూసింది? నా కొడుకు ఇంక సస్తే గని ఇడిసిపెట్టవా? పో!"

జలపతి స్ట్రెచరు మీది కుర్రాడిని ఒకసారి చూశాడు. తల వంచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు సుమిత్ర లెక్కలు చూసి నమ్మలేకపోయింది. యంత్రం తప్పేమోనని మళ్లీ సరిచూసింది. తప్పు లేదు. పోలికకు పెట్టుకున్న మెదడు కూడా దెబ్బ తిన్న మెదడే.

"అమ్మా, ఆయనకు వెంటనే వైద్యం కావాలి," అంటూ మొగిలవ్వ ఎదుటే అతను రాసిచ్చిన నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

ఆడమనిషి గొంతు పలికింది.

"ఆయన లేడు మేడం. నిన్న ఇంటికస్తుంటే చందుర్తి కాడ ఫిట్స్ అచ్చి బండి మీదికెల్లి పడ్డడు. పానం పోయింది."

సుమిత్ర అడిగింది: "ఇంతకుముందే తలకు దెబ్బ తగిలిందా అమ్మా?"

"తగిలింది. చెప్తే నౌకరి పోతదని దాసిండు."

"ఏం నౌకరీ?"

"కానిస్టేబులు మేడం... కోరుట్లల ఎవలో పోరడు కిందవడితే, వానికి రెండో దెబ్బ తగలకుండ మీద పడి కాపాడిండట, తోటి పోలీసోళ్ల లాఠీలన్ని ఈయన నెత్తి మీదనే పడ్డయి."