రైడర్ పక్కనోడు

"వాడెవడ్రా, మన రైడర్‌ను జలగ లెక్క పట్టుకున్నడు?"

చండ్రుగొండ కబడ్డీ జట్టు కెప్టెన్ హరిప్రసాద్‌కు ఒళ్ళు మండిపోతోంది. దుమ్ముగూడెం టోర్నమెంటులో ఇంకాసేపట్లో ఫైనల్.

ఆ కొత్తవాడి పేరు లాలు. వాడికి కబడ్డీలో ఓనమాలు రావు. రైడర్ సంతోష్ అన్నానికి కూర్చుంటే పక్కన కూర్చుంటాడు, గోదావరికి స్నానానికి పోతే వెనకే పోతాడు.

సంతోషేమో ఈమధ్య గెలిచినా నవ్వడంలేదు.

మంచి రైడర్ కనబడితే పక్క జట్లు మనిషిని పంపి ఎగరేసుకుపోవడం ఇక్కడ మామూలే. పైగా లాలు ఫోన్లో గుసగుసలాడటం హరిప్రసాద్ చెవులారా విన్నాడు.

"అవ్ సార్, తిన్నడు. నిద్రనే సరిగ లేదు. రేపు జల్దీ తోల్కొస్త సార్."

ఇంకేం కావాలి!

సంతోష్ కోర్టులోకి దిగగానే జట్టువాళ్ళు ఇద్దరు లాలు రెక్క పట్టుకున్నారు.

"ఏ టీం పంపిందిరా నిన్ను?"

"టీం గీం ఏం లేదన్నా. ఆట అయ్యేదాక ఉండనియ్యుండ్రి."

"నడువ్, బస్సెక్కు!"

లాలు చేతులు జోడించాడు. "మీరైనా సంతోష్‌ను ఒక్కణ్ణి ఇడిసిపెట్టకుండ్రి అన్నా."

ఇద్దరూ పగలబడి నవ్వి, భద్రాచలం బస్సెక్కించి మరీ వచ్చారు.

ఫైనలంటే అదీ ఫైనల్! చివరి నిమిషం, స్కోరు సమానం. సంతోష్ కూతకు పోయాడు. ముగ్గురు మీద పడ్డా ఈడ్చుకొచ్చి గీత అందుకున్నాడు!

ఈలలు, డప్పులు, దుమ్ము. హరిప్రసాద్ అతన్ని భుజాలకెత్తుకున్నాడు.

సంతోష్ కళ్ళు మాత్రం జనంలో వెతుకుతున్నాయి. "లాలు ఏడన్నా?"

"తరిమేసినం! రేపు నిన్ను తోల్కొస్తనని ఫోన్ల ఎవనికో మాటిచ్చిండు."

సంతోష్ గబగబా కిందికి దిగాడు.

"ఆ మాట ఖమ్మం దవాఖానల డాక్టర్ సార్‌కు అన్నా. లాలు మా తండావోడు. చచ్చిపోవాలనిపిస్తుందారా అని నన్ను సూటిగ అడిగినోడు వాడొక్కడే. అవ్ అని చెప్పిన. గప్పటి సంది నన్ను ఒక్కణ్ణి ఇడువలే."

హరిప్రసాద్ సంతోష్‌ను గట్టిగా కావలించుకున్నాడు.

"ఎవ్వరూ వీని పక్కనుంచి కదలకుండ్రి!" అని జట్టుకు చెప్పి బైకు తీశాడు. గెలిచిన కప్పు ఎక్కడ పెట్టాడో కూడా గుర్తులేదు.

ఊరూరా ఆగుతూ పోతున్న బస్సును దారిలో అందుకుని బైకు అడ్డం పెట్టాడు. తప్పయిందని చెప్పేలోపే లాలు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అన్నా, వాని పక్కన ఎవరున్నరు?"

"టీమంతా ఉంది తమ్మీ. దిగు, నువ్వు లేకుంటే ఎట్ల?"