మూడో కిటికీ

“ఇది చెల్లదమ్మాయ్,” అన్నాడు కాలేజీ ఆఫీసు మూడో కిటికీ గుమాస్తా.

ఆమె ఎలక్ట్రానిక్స్ వదిలేసి భూగర్భశాస్త్రంలోకి మారడానికి పెట్టుకున్న దరఖాస్తు అది. సోమవారం కదా, రద్దీ ఉంటుందని కిటికీ తలుపు తీయకముందే వచ్చి నిలబడింది. గడువు బుధవారం సాయంత్రం ఐదింటి వరకే. ఆ తర్వాత వచ్చిన ఏ కాగితాన్నీ తీసుకోబోమని నోటీసు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది.

ఆ గుమాస్తాకి విద్యార్థులు పెట్టుకున్న పేరు పెన్సిల్ సార్. ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క ఉంటుంది. ఇప్పుడూ దాన్ని తీసి, లావుపాటి రిజిస్టర్లో ఏదో గీకి, మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. తన తప్పే రాసుకున్నాడనుకుందామె.

“ఎందుకు చెల్లదు సార్?”

“కారణం దగ్గర ఏం రాశావో చదువు.”

“ప్రస్తుత కోర్సు నచ్చలేదు...”

“అది వదలడానికి కారణం. అక్కడికి వెళ్ళడానికి కారణమేదీ? బస్సు నచ్చలేదని దిగిపోతావు, సరే. ఎక్కడ దిగుతున్నావో చూసుకోవద్దూ?”

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకి ఒళ్ళు మండింది. ఫారం తీసుకుని, బయట మెట్ల మీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది. రెండు ముక్కలు రాసి పడేద్దామనుకుంది. తీరా చూస్తే గీతలు దాటి, అంచులు దాటి, వెనక పేజీకి పోయింది. మంచం కింద మూడు చెప్పుల పెట్టెల నిండా రాళ్ళున్నాయని రాసింది. ఒక్కో రాయి ఎక్కడ దొరికిందో తారీఖుతో సహా చెప్పగలనని రాసింది. సర్క్యూట్ల క్లాసు జరుగుతుంటే, కిటికీ బయట తవ్వుతున్న పునాది గోతిలో మట్టి పొరలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నానని కూడా రాసేసింది. మధ్యలో క్లాసులకి వెళ్ళొచ్చి పూర్తిచేసేసరికి ఆఫీసు మూసేశారు.

మంగళవారం పెన్సిల్ సార్ రెండు పేజీలూ పెదాలు కదుపుతూ చదివాడు.

“బావుంది. మరి ఈ సంతకం మీ నాన్నగారిదేనా?”

“ఆయనదే సార్.”

“ఆయన కూడా నీలాగే చివర చిన్న సున్నా చుడతారన్నమాట.”

ఆమె తల దించుకుంది.

“అసలుది పట్టుకురా తల్లీ.”

“సార్, రేపే ఆఖరు! ఈ ఒక్కసారికీ...”

“నన్ను బతిమాలితే ఏం లాభం? ఆయనతో మాట్లాడు.”

నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. కొత్త లిఫ్టు బిగించే పని మీద పొరుగూరు వెళ్ళాడు. ఫోన్ చేస్తే, “గురువారం పొద్దున్నే వచ్చేస్తా. ఏం, డబ్బులేమైనా కావాలా?” అన్నాడు.

“ఏం వద్దు,” అని పెట్టేసింది.

బుధవారం ఐదు గంటలు కొట్టింది. ఆరూ కొట్టింది.

గురువారం పొద్దున నాన్న పనిముట్ల సంచీ ఇంకా భుజం మీంచి దించకముందే మొత్తం చెప్పేసింది. దొంగ సంతకం సంగతీ దాచలేదు. ఇంక లాభం లేదని తెలుసు. కానీ రెండు పేజీల మాట కడుపులో ఎన్నాళ్ళు ఆగుతుంది?

నాన్న కుర్చీలో కూలబడ్డాడు.

“వెళ్ళిన ప్రతి బిల్డింగులోనూ మా అమ్మాయి ఇంజనీరవుతుందని చెప్పుకున్నానే.”

“తెలుసు నాన్నా.”

ఆయన ఫారం తీసుకుని చదివాడు. వెనక పేజీ ఇంకోసారి చదివాడు.

“అయితే ఆ పెట్టెల్లోవి రాళ్ళా! ఊడ్చినప్పుడల్లా ఇంత బరువేమిట్రా బాబూ అనుకునేవాణ్ణి.” ఫారాన్ని బల్ల మీద పరిచాడు. “పాతికేళ్ళుగా నేను జనాన్ని పైకి ఎక్కిస్తుంటే, నువ్వేమో కిందికి తవ్వుతానంటావ్.”

“ఊఁ.”

“పెన్నిలా ఇవ్వు.”

“గడువు నిన్నటితో అయిపోయింది నాన్నా.”

“అయితే? మధ్యలో ఆగిపోయిన లిఫ్టులో మనిషిని అక్కడే వదిలేసి ఇంటికొచ్చేస్తామా? వెళ్ళి అడుగు.”

చేతులు రెండుసార్లు తుడుచుకుని మరీ, దొంగ సంతకం కొట్టేసి కింద తనది పెట్టాడు. అయినా పక్కన గ్రీజు మరక పడనే పడింది.

మూడో కిటికీ ముందు ఆరోజు ఎవరూ లేరు. పెన్సిల్ సార్ ఫారాన్ని వెలుతురుకి పట్టి చూశాడు.

“ఈ నల్ల మరకేమిటి?”

“గ్రీజు సార్. మా నాన్న వేలిది.”

“అయితే సంతకం అసలుదే.”

“కానీ సార్... గడువు నిన్ననే...”

ఆయన రిజిస్టర్ తెరిచి నాలుగు పేజీలు వెనక్కి తిప్పాడు. చెవి మీది పెన్సిల్ ముట్టుకోకుండా, జేబులోంచి పెన్ను తీశాడు. ఆమె మునివేళ్ళ మీద లేచి కిటికీలోంచి తొంగి చూసింది. ఆ పేజీలో రబ్బరుతో చెరిపేసిన వరసలు ఐదారున్నాయి, వెనక్కి పంపితే మళ్ళీ రానివాళ్ళవి కాబోలు. వాటి మధ్య చెరపకుండా మిగిలిన పెన్సిల్ రాత మీద, అక్షరం వెంట అక్షరం, ఆయన సిరాతో దిద్దుతున్నాడు: ఆమె పేరు, దాని ఎదురుగా “సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర. దరఖాస్తు అందినది.”