జాడ చెప్పే డబ్బా

“డబ్బా జేసిన పిలగాడు ఈడనేనా ఉండేది?”

కింద వాకిట్లో ఎవరో అడుగుతున్నారు. పై గదిలో ఆనంద్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

కిటికీ సందులోంచి తొంగి చూశాడు. దిట్టమైన మనిషి. నెత్తి మీద జుట్టు వేలికి కూడా దొరకనంత పొట్టిగా ఉంది.

“ఎవలయ్యా నువ్వు?” ఇల్లుగల చిన్నవ్వ అడిగింది.

“పనున్నదవ్వా. పిలగాన్ని కలిసే చెప్త.”

“ఆనంద్ వీర్నపల్లి పోయిండు, ఆళ్ల అమ్మ దగ్గరికి.” నోటికొచ్చింది చెప్పేసింది చిన్నవ్వ.

“బస్సుల్లేవు గదవ్వా. ఎట్ల పోయిండు?”

ఆనంద్ కిటికీ పక్కకు తప్పుకున్నాడు. మామూలు మనిషి అడిగే ప్రశ్న కాదది.

“మఫ్టీ పోలీసే,” అన్నాడు గదిలో అతనితో ఉండే పరశురాములు. “గా కటింగు సూడు.”

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సుల్లేవు, కాలేజీల్లేవు, ఆఫీసులకు తాళాలు. జగిత్యాల రోడ్ల మీద ఒక పక్క జెండాలు, ఒక పక్క లాఠీలు. పక్క గల్లీలో ఇద్దరు విద్యార్థుల్ని జీపెక్కించుకుపోయారు. ఎక్కడికో వాళ్ల ఇంటివాళ్లకే తెలియదు.

ఆనంద్ ఎవరి మీదా రాయి వేసినవాడు కాదు. ఎంబీయే చదువుతున్నాడు. బీమా, రవాణా, వైద్యం, వీటిని కొత్త టెక్నాలజీ ఎట్లా మారుస్తుందన్నది అతని థీసిస్. రాసి ఊరుకుంటే సరిపోయేది. దోస్తుల సాయంతో ఒక డబ్బా కూడా చేశాడు. దాన్ని ఆటోకు బిగిస్తే, ఆపదలో మీట నొక్కగానే బండి ఎక్కడుందో అంబులెన్సుకూ, ఆసుపత్రికీ, బీమా ఆఫీసుకూ మెసేజీ వెళ్తుంది.

ఒక్క ఆటోకైనా పెట్టి, పల్లెల్లో తిప్పి చూపిస్తేనే థీసిస్ నిలిచేది. కోరుట్ల అడ్డా మీద ఆటోవాళ్లను ఎంతగానో బతిమాలాడు.

“పోలీసోళ్లకు మా జాడ చెప్పనీకా?” అని అందరూ కసిరారు.

ఇప్పుడు ఆ పోలీసులే డబ్బా జాడ తీస్తున్నారు.

“వైర్లున్నయ్. ఎర్రలైటున్నది. సిమ్మున్నది,” పరశురాములు గొంతు తగ్గించాడు. “నువ్వు థీసిస్ అంటవ్. ఆళ్లు బాంబంటరు.”

“థీసిస్ సూసే మన సారు చెప్తడు కదరా.”

“సారు ఫోనే బందున్నది.”

అనుమానం పెనుభూతం. ఆ రాత్రి గల్లీలో కుక్క మొరిగినా ఆనంద్ లేచి కూర్చున్నాడు.

మర్నాడు పాత బస్టాండు దగ్గర వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి జనం వండుకు తింటున్నారు. ఇంట్లో దాక్కుంటే ఇంకా అనుమానిస్తారని ఆనంద్ కూడా వెళ్లి విస్తరి పట్టుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాడో లేదో, పొగ అవతల అదే తల. ఇటే వస్తోంది.

“ఆనంద్ అంటే నువ్వేనా తమ్మీ?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆనంద్ చెయ్యి బ్యాగు మీద పడింది. గది సోదా చేస్తారేమోనని వెంట తెచ్చుకున్న డబ్బా అందులోనే ఉంది. ఆ మనిషి చూపు కూడా బ్యాగు మీదికే వెళ్లింది.

“కాదన్నా. నాకు తెల్వదు.”

విస్తరి వదిలేసి నడిచాడు.

“జర ఆగు తమ్మీ! నీతోని పనున్నది!”

నడక పరుగైంది. ఏ గల్లీలోకి తిరిగినా వెనక చెప్పుల చప్పుడే. నలుగురిలో పట్టుకుని జీపెక్కిస్తే వీర్నపల్లిలో అమ్మ ఏమైపోతుంది? ఆ ఆలోచన రాగానే ఇంకా జోరుగా పరుగెత్తాడు.

గల్లీ చివర ఎదురైన పరశురాములు బండెక్కాడు. ఇద్దరూ ఊరు దాటి కాలువ గట్టుకు చేరారు.

“పారెయ్‌రా. పానం దక్కుతది.”

“ఏడాది కష్టంరా ఇది.”

“జైల్ల కూసోని ఇంకోటి చేస్తవా?”

ఆనంద్ కళ్లు మూసుకుని విసిరేశాడు. కాలువ నిండుగా పారుతోంది. డబ్బా ఎక్కడ పడిందో కూడా కనబడలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఆ వెంటనే భయం కొంచెం తగ్గింది. తగ్గినందుకు సిగ్గేసింది.

ఇంటికొచ్చేసరికి ఆ మనిషి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చిన్నవ్వ చాయ్ ఇస్తోంది.

ఇక తప్పించుకునే దారి లేదు.

“నా దగ్గర ఏ డబ్బా లేదు సార్. కావాల్నంటే రూమంత సూసుకోండి.”

“సారేంది తమ్మీ?” అతను లేచి నిలబడ్డాడు. “నా పేరు కనకయ్య. మల్యాల దిక్కు ఆటో నడుపుత.”

పరశురాములు నమ్మలేదు. “మరి గా కటింగేంది?”

కనకయ్య తల తడుముకున్నాడు. “కర్మ నాడు గుండు తీపిచ్చిన. ఇప్పుడిప్పుడే మొలుస్తున్నయ్.”

కనకయ్య ఆనంద్ వైపు తిరిగాడు.

“నువ్వు డబ్బా పట్టుకొని తిరుగుతున్నవని కోరుట్ల అడ్డా మీద చెప్పిండ్రు. ఎవ్వలు పెట్టనిస్తలేరట గద. నా ఆటోకు పెట్టు తమ్మీ. పని చేసినా చెయ్యకున్నా నిన్నేమనను.”

ఆనంద్ ఖాళీ బ్యాగు తెరిచి చూపించాడు. “కాలువల పారేసిన అన్నా,” అన్నాడు. “నువ్వు పోలీసనుకున్న.”

కనకయ్య తిట్టలేదు. మెల్లగా మళ్లీ అరుగు మీద కూలబడ్డాడు.

“అందరు దాన్ని సూస్తేనే భయపడ్డరు,” అన్నాడు ఆనంద్. “నువ్వొక్కనివి ఎందుకు అడుగుతున్నవే అన్నా?”

“రోడ్లన్ని బందున్నయని పొలాల బాట పట్టిన. ఆటో బురదల దిగవడ్డది. అంబులెన్సోళ్లు పాపం ఫోన్ల అడుగుతనే ఉన్నరు, ఏడున్నరు, ఏ ఊరని. సుట్టూ మక్కచేన్లే. నేను జాడ చెప్పలేకనే, కడుపుతోని ఉన్న మా ఇంటామె ఎనుక సీట్ల పానమిడిసింది తమ్మీ.”